లెక్క సాధించు విధము

హైదరాబాదు నుండి ముంబయి వైపు పోవు రాజమార్గమున పటాన్‌చెరు దాటి సంగారెడ్డి దిక్కుగా సాగునపుడు లక్డారం గ్రామమునకు దారి చీలును. ఆ ప్రాంతమున రాతిగనులును, కంకరమరలును కలవు. కంకర నింపుకొన్న టిప్పరులు పగలంతయు ఆ దారిని పోవుచుండును. వానివలన లేచిన ధూళి దారిప్రక్క చెట్ల ఆకులపై పిండి చల్లినట్లు పేరుకొని యుండును. చుట్టుప్రక్కల కర్మాగారములు వెలసినవి. జొన్న, కంది పండిన చేలు ఒకటొకటిగా ఇండ్ల స్థలములుగా మారుచున్నవి. ఇట్టి చోట ప్రొద్దు క్రుంకినంతనే ప్రతి యింటను ఏదో యొక లెక్క మొదలగును. ఈ నెల కూలి యెంత? ముందు తీసికొన్నది పోగా చేతికి రావలసిన దెంత? అమ్మజూపిన చెలక యెన్ని గుంటలు? చీటీలు తీసినచో మన పేరు వచ్చుట కెంత అవకాశము?

ఈ లెక్కలలో పెక్కు నోటితోనే జరిగిపోవును. నోటిలెక్క గొప్ప విద్యయే. అణాల, వీసముల లెక్కలను కన్ను మూసి తెరచునంతలో చెప్పగలిగిన పెద్దలు మన పల్లెలలో నుండెడివారు. కాని నోటిలెక్కలో ఒక లోపము కలదు. తప్పు జరిగినచో అది యెక్కడ జరిగినదో వెనుకకు మరలి చూచుటకు వీలుండదు. మెట్లు మెట్లుగా వ్రాసిన లెక్కలో ఆ వీలు కలదు. ఉపాధ్యాయులు జవాబునకే గాక మెట్లకును మార్కులు వేయుట ఇందుకొరకే గాని, మీ చేత కాగితములు నింపించుటకు గాదు.

ఒక లెక్కను చూతము. కంకరమరలో పనిచేయు ఒక కూలివాడు దినమునకు 8 గంటల చొప్పున నెలలో 24 దినములు పనిచేసెను. అదిగాక 24 గంటలు అదనముగా పనిచేసెను. అదనపు గంటలకు సాధారణ కూలికి రెట్టింపు ఈయవలెనని కార్మిక చట్టము చెప్పుచున్నది. నెల నడుమ అతడు 2,400 రూపాయలు ముందుగా తీసికొనెను. అది మినహాయింపగా నెల చివర అతని చేతికి 15,600 రూపాయలు వచ్చినవి. అతని గంటకూలి యెంత?

మొదట చేయవలసిన పని కలము కదుపుట కాదు. లెక్కను రెండుమారులు చదువవలెను. తెలిసిన దేదియో, తెలియనిదేదియో వేరుచేయవలెను. ఇచ్చట తెలియనిది గంటకూలి యొక్కటే. దానికొక పేరు పెట్టుదము. మీ పాఠ్యపుస్తకములలో ఆంగ్లాక్షరమును వాడుదురు. మన పూర్వులు తెలియని రాశిని ‘యావత్తావత్’ అనిరి. ‘ఎంతయో అంత’ అని దాని యర్థము. తెలియని రాశులు ఒకటికంటె నెక్కువ యున్నచో తక్కినవానికి కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లు పెట్టిరి. మనమును ఆ మాటలోని మొదటి యక్షరమును గైకొని గంటకూలిని ‘య’ అందము. పేరు పెట్టుట చిన్న పనిగా దోచును గాని, సగము భయము దానితోనే తీరును. తెలియనిదానిని తెలిసినదానివలెనే పట్టుకొని కూడవచ్చును, హెచ్చవేయవచ్చును.

సాధారణ గంటలు 24 × 8 = 192. వానికి రావలసిన కూలి 192య. అదనపు గంటలు 24. ఒక్కొక్క గంటకు 2య చొప్పున 48య. రెండును కలిసి 240య. ఇందులో నుండి 2,400 తీసివేయగా 15,600 మిగిలెను గదా! కనుక,

240య − 2,400 = 15,600

దీనిని తూనికత్రాసుగా భావింపుడు. ఎడమ తట్ట, కుడి తట్ట సమముగా నున్నవి. ఎడమవైపున తగ్గియున్న 2,400 ను తిరిగి చేర్చవలెనన్నచో, కుడివైపునను అంతయే చేర్చవలెను. లేనిచో త్రాసు ఒరగును. చేర్చినచో 240య = 18,000. ఉభయత్ర 240 చే భాగింపగా య = 75. గంటకూలి 75 రూపాయలు; దినమునకు 600.

‘ఆవలికి పోయిన గుర్తు మారును’ అని బడిపిల్లలు వల్లించెడి సూత్రము ఈ త్రాసునకు సంక్షేపరూపమే. క్రీ. శ. తొమ్మిదవ శతాబ్ది ప్రథమ భాగమున బాగ్దాదులో నుండిన అల్ ఖ్వారిజ్మీ అను గణితజ్ఞుడు లోటును తిరిగి పూరించుటకు ‘అల్ జబ్ర్’ అని పేరు పెట్టెను. ఆల్జీబ్రా అను మాట దానినుండి పుట్టినదే. త్రాసును మరచి సూత్రమునే పట్టుకొన్నవాడు తొందరలో గుర్తు మార్చుట మరచి 240య = 15,600 − 2,400 అని వ్రాయును. అప్పుడు య = 55 వచ్చును. చూచుటకు ఈ జవాబునందును వంక యేమియు కనబడదు. 55 కూడ ఒక కూలియే.

తప్పు పట్టుకొనుటకు ఉపాయము సరిచూచుట. జవాబును మొదటి లెక్కలో పెట్టి చూడుడు. 75 అయినచో 192 గంటలకు 14,400, అదనపు 24 గంటలకు 150 చొప్పున 3,600, మొత్తము 18,000, ముందు తీసికొన్న 2,400 పోగా 15,600. సరిపోయినది. 55 అయినచో 240 × 55 = 13,200; అందు 2,400 పోగా 10,800 మాత్రమే. కూలివాని చేతికి వచ్చినవి 15,600 గదా! జవాబు తప్పని తానే చెప్పుచున్నది. హంగరీ దేశమున జన్మించిన జార్జి పోల్యా అను గణితాచార్యుడు 1945లో లెక్కలు సాధించు విధమును గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అర్థము చేసికొనుట, ఉపాయము పన్నుట, నడపుట, వెనుదిరిగి చూచుట అని ఆయన నాలుగు దశలు చెప్పెను. ఈ నాలుగవ దానిని పిల్లలు మాత్రమే గాదు, పెద్దలును ఎగవేయుదురు.

ఈ లెక్క కాగితముమీదిది మాత్రము కాదు. మేస్త్రీ అదనపు గంటలనుగూడ సాధారణ గంటలుగానే కట్టెననుకొనుడు. అప్పుడు 192 + 24 = 216 గంటలకు 75 చొప్పున 16,200; అందు 2,400 పోగా చేతికి 13,800. వ్రాత రాని కూలివానికి ఆ సొమ్ము తక్కువయని అనుమానము కలుగవచ్చును గాని, ఎచ్చట తక్కువైనదో చెప్పలేడు. ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె ఒక చీటిమీద నాలుగు పంక్తులు వ్రాసినచో, లోటు 1,800 రూపాయలనియు, అది సరిగా 24 గంటలకు 75 చొప్పున తగ్గినదే యనియు చూపగలదు. ‘తక్కువ ఇచ్చినారు’ అనుటకును, ‘ఇన్ని గంటలకు ఇంత తక్కువ ఇచ్చినారు’ అనుటకును చాల భేదము కలదు.

ఇట్టి లెక్కలు తెలుగువారికి కొత్తవి కావు. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ. శ. 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైన గణితజ్ఞుడు సంస్కృతమున ‘గణితసారసంగ్రహము’ అను గ్రంథమును రచించెను. నృపతుంగుని రాజధాని మాన్యఖేటము. నేడు కర్ణాటకములోని కలబురగి జిల్లాలో మల్ఖేడు అను పేర నున్నది. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములుగా వ్రాసెను. మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాడని, అనగా పదునొకండవ శతాబ్దివాడని సాధారణముగా చెప్పుదురు. తెలుగులో వెలసిన శాస్త్రగ్రంథములలో ఇది మొట్టమొదటి వానిలో నొకటి. మహావీరుడు జైనుడు, మల్లన శివభక్తుడు. కావున మూలములోని జైన ప్రస్తావనలను మల్లన శైవమున కనుగుణముగ మార్చుకొనెను. సంఖ్యలను మార్చవలసిన పని లేకపోయెను. సంస్కృత మూలమును ఆంగ్లానువాదముతో గూడ ఎం. రంగాచార్యులు 1912లో మద్రాసునుండి ప్రకటించిరి.

మహావీరుని గ్రంథములో ఒంటెల లెక్క యొకటి కలదు. ఒక మందలో నాలుగవ వంతు అడవిలో కనబడెను. ఆ మంద వర్గమూలమునకు రెట్టింపు ఒంటెలు కొండచరియలకు పోయెను. మిగిలిన 15 ఒంటెలు నదీతీరమున నుండెను. మొత్తము ఎన్ని? వర్గసమీకరణము మీరింకను నేర్చియుండరు. అయినను భయపడనక్కరలేదు. ఒంటెల సంఖ్యకు వర్గమూలము పూర్ణసంఖ్య కావలెను. నాలుగవ వంతును పూర్ణసంఖ్యయే కావలెను, ఒంటెను ముక్కలు చేయలేము గదా! అనగా ఆ మూలము సరిసంఖ్య యగును: 2, 4, 6, 8 ఇత్యాదులు. అడవిలోని నాలుగవ వంతు పోగా మిగిలిన ముప్పాతిక, మూలమునకు రెట్టింపును 15 ను కలిపినంత కావలెను. మూలము 2 అయినచో మంద 4, ముప్పాతిక 3, రెండవ ప్రక్క 19. మూలము 4 అయినచో 12, 23. మూలము 6 అయినచో 27, 27. సరిపోయినది, మంద 36 ఒంటెలు. మూలము 8 అయినచో 48, 31. అటుపై మొదటి ప్రక్క మరింత వేగముగా పెరుగును గాని, రెండును మరల కలియవు. ఇట్లు చేసినదానిని ఊహించుట యనరాదు. ఏయే సంఖ్యలు కావచ్చునో, ఏవి కాజాలవో కారణములతో ఏరివేసి, మిగిలినవానిని పరీక్షించితిమి. ఇదియు ఒక పద్ధతియే.

ఇక నేల లెక్కకు వత్తము. ఇందులో జరుగు పొరపాటు కూలిలెక్కలోని దానికంటె చాల పెద్దది. పైగా దానిని పొరపాటని ఎరిగినవారు తక్కువ.

నాలుగు ప్రక్కలు నాలుగు కొలతలుగా నున్న చేను కొలువవలసి వచ్చినచో పల్లెలలో చేయు పని యిది. ఎదురెదురు ప్రక్కలను కూడి సగము చేయుదురు. మిగిలిన రెంటిని గూడ అట్లే సగము చేయుదురు. ఆ రెండు సగములను హెచ్చవేయుదురు. ఒక చేను ప్రక్కలు వరుసగా 25, 39, 60, 52 గజములు అనుకొనుడు. 25, 60 ల సగటు 42.5. 39, 52 ల సగటు 45.5. రెంటిని హెచ్చింపగా 1,933.75 చదరపు గజములు. గుంటకు 121 చదరపు గజములు గనుక, ఇంచుమించు 16 గుంటలు. బేరము కుదిరినది, కాగితము వ్రాసినారు.

ఈ పద్ధతి చాల పురాతనము. మహావీరుడును దీనిని చెప్పెను. కాని ఆయన క్షేత్రఫలములకు రెండు విధముల గణితము గలదని స్పష్టముగా వేరుచేసెను: ఒకటి వ్యావహారికము, అనగా ఉజ్జాయింపు, రెండవది సూక్ష్మము, అనగా సరియైనది. కాలక్రమమున ఉజ్జాయింపు మిగిలి, అది ఉజ్జాయింపు మాత్రమే అను మాట మరుగున పడినది.

నాలుగు పుల్లలను కొనలవద్ద దారముతో కట్టి చతుర్భుజము చేయుడు. దాని నొకమూల పట్టి మెల్లగా నొక్కుడు. పుల్లల పొడవు మారలేదు. కాని లోపలి చోటు తగ్గుచు తగ్గుచు పోయి సన్నని చీలికవలె నగును. అనగా నాలుగు ప్రక్కలు మాత్రమే తెలిసినచో వైశాల్యము తెలియదు. ఇంకొక కొలత కావలెను. మూడు పుల్లలతో త్రిభుజము కట్టి నొక్కుడు, అది కదలదు. త్రిభుజమునకు మూడు ప్రక్కలు తెలిసినచో ఆకారమంతయు స్థిరపడినట్లే. 1802లో మద్రాసు చెంత సెంటు థామస్ కొండవద్ద మొదలిడి దేశమంతయు కొలిచిన సర్వేలో త్రిభుజములనే వాడుటకు ఇదియే కారణము.

కనుక మన చేనును త్రిభుజములుగా చీల్చుదము. నాలుగు మూలలకు క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టుడు. కఖ 25, ఖగ 39, గఘ 60, ఘక 52 గజములు. క నుండి గ వరకు కర్ణముగా త్రాడు లాగి కొలిచినచో 56 గజములు వచ్చినదనుకొనుడు. ఇప్పుడు ఖ మూలనుండి ఈ త్రాటికి లంబముగా దూరమును కొలువవలెను. లంబము నిలుపుటకు మేస్త్రీల మూలమట్టము చాలును. పెద్ద కొలతలకు 3, 4, 5 గజముల ప్రక్కలు గల త్రాటి త్రిభుజమును వాడవచ్చును. లంబము క నుండి 20 గజముల దూరమున త్రాటిని తాకినది. దాని పొడవు 15 గజములు. ఘ మూలనుండి వచ్చిన లంబమును అచ్చటనే తాకినది. దాని పొడవు 48 గజములు.

లెక్కకు ముందు కొలతలు నమ్మదగినవేనా యని చూడుడు. 20 వర్గము 400, 15 వర్గము 225, కూడగా 625, అది 25 వర్గము. కఖ సరిపోయినది. త్రాటిలో మిగిలిన భాగము 36 గజములు. 36 వర్గము 1,296, దానికి 225 కూడగా 1,521. అది 39 వర్గము. ఖగ సరిపోయినది. గఘ, ఘక లను మీరు చూడుడు.

త్రిభుజ వైశాల్యము భూమిలో సగమును ఎత్తుతో హెచ్చింపగా వచ్చునది. కర్ణమే రెంటికిని భూమి. కర్ణములో సగము 28. మొదటి త్రిభుజము 28 × 15 = 420; రెండవది 28 × 48 = 1,344. మొత్తము 1,764 చదరపు గజములు. అనగా 14 గుంటల మీద 70 గజములు. ఉజ్జాయింపు లెక్కకు దీనికి తేడా 169.75 గజములు. గుంటన్నర కొద్దిగా తక్కువ! గజము ధర పదివేల రూపాయలనుకొన్నచో కొన్నవాడు లేని నేలకు చెల్లించిన సొమ్ము 16,97,500 రూపాయలు.

అమ్మినవాడు మోసము చేసెనా? లేదు, అతడును ఆ లెక్కనే నమ్మెను. కాని ఈ లెక్క ఒకప్పుడు ఎక్కువ, ఒకప్పుడు తక్కువ చూపునేమో, కొన్నవానికొకమారు, అమ్మినవానికొకమారు లాభము కలుగునేమో యని మీరనుకొనవచ్చును. అట్లు కాదు. ఈ లెక్క ఎన్నడును తక్కువ చూపదు. ఎందుచేతనో చూడుడు.

25, 39 ప్రక్కలుగా గల త్రిభుజమున 39 ని భూమిగా తీసికొన్నచో దాని యెత్తు 25 కు మించజాలదు. గోడకు చేరవేసిన నిచ్చెన యందుకొను ఎత్తు నిచ్చెన పొడవును మించదు గదా! కనుక ఆ త్రిభుజము 25 × 39 లో సగమునకు, అనగా 487.5 కు మించదు. అట్లే 60, 52 ల త్రిభుజము 1,560 కి మించదు. రెండును కలిసి చేను 2,047.5 కు మించదు. ఇప్పుడు అదే చేనును ఖ నుండి ఘ వరకు రెండవ కర్ణముతో చీల్చుడు. 39, 60 ల త్రిభుజము 1,170 కి మించదు; 52, 25 ల త్రిభుజము 650 కి మించదు; కలిసి 1,820. చేను 2,047.5 కును మించదు, 1,820 కిని మించదు; కనుక వాని సగటునకును మించదు. ఆ రెంటి సగటు ఎంత? 1,933.75. మన ఉజ్జాయింపు లెక్క సరిగా అదియే! ఏ నాలుగు సంఖ్యలు తీసికొన్నను ఇట్లే జరుగును. నాలుగు మూలలును మూలమట్టమునకు సరిపోయి, చేను దీర్ఘచతురస్రమైనప్పుడు మాత్రమే ఆ లెక్క సరియగును. మిగిలిన ప్రతిమారును నష్టము కొన్నవానిదే. మూలలు ఎంత వంకరగా నున్నచో నష్టమంత ఎక్కువ.

క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుడు ప్రక్కలనుండియే సూక్ష్మఫలము తెచ్చు సూత్ర మొకటి చెప్పెను. మహావీరుడును దానిని గ్రహించెను. నాలుగు ప్రక్కల మొత్తములో సగము 88. అందుండి ఒక్కొక్క ప్రక్కను తీసివేయగా 63, 49, 28, 36 వచ్చును. ఆ నాలుగింటిని హెచ్చించి వర్గమూలము కనుగొనవలెను. 63 × 28 = 1,764; 49 × 36 = 1,764; కనుక మూలము 1,764. త్రాటితో కొలిచినదియు అంతయే. కాని పుల్లల చతుర్భుజమును మరువకుడు. నాలుగు మూలలును ఒకే వృత్తముమీద నుండు క్షేత్రమునకే ఈ సూత్రము చెల్లును. మన చేను అట్టిది. కానిచోట కర్ణమును కొలువక తప్పదు.

చివరి లెక్క అవకాశములను గూర్చినది. దీనిని సంభావ్యత యందురు. కొలత, బరువు ఉన్నవానిని గణించుట సులభము. ఇంకను జరుగనిదానిని గణించు టెట్లు? జరుగదగినవన్నియు మొదట లెక్కించి, వానిలో మనకు కావలసినవి ఎన్నియో చూడవలెను. ఎన్నికల విషయమున మహావీరుడు చాల ముందడుగు వేసెను. ఆరు రుచులలో ఒక్కొక్కటిగాను, రెండేసిగాను, మూడేసిగాను కలుపుటకు ఎన్ని విధములు కలవని ఆయన అడిగి, ఎన్ని వస్తువులకైనను చెల్లు సూత్రమును చెప్పెను. రెండేసి కలుపుటను చూడుడు. మొదటి రుచికి 6 అవకాశములు, రెండవదానికి 5, హెచ్చింపగా 30. కాని తీపి, చేదు అన్నను చేదు, తీపి అన్నను మిశ్రమ మొక్కటే. ప్రతి జతను రెండుమారులు లెక్కించితిమి. కనుక 15. ఈ పదునైదింటిలో కన్నులు మూసికొని ఒక జతను ఏరినచో అందు తీపి యుండుట కెంత అవకాశము? తీపితో కలియుటకు మిగిలినవి ఐదు రుచులు. కావున పదునైదింట ఐదు, అనగా మూడవ వంతు.

ఇచ్చట పొరపాటు పడువారు లెక్కించుటలోనే పడుదురు. ఫ్రాన్సు దేశపు మహాగణితజ్ఞుడు దాలంబేరు 1754లో నాణెముల ఆటను గూర్చి వ్రాసెను. నాణెమును రెండుమారులు ఎగురవేయుటలో కనీస మొకమారైన బొమ్మ పడుట కెంత అవకాశము? మొదటనే బొమ్మ పడినచో ఆట ముగిసినట్లే. లేదా బొరుసు పిదప బొమ్మ. లేదా రెండును బొరుసులు. మూడు విధములు, అందు రెండు అనుకూలములు. కనుక మూడింట రెండు వంతులని ఆయన వాదించెను. నిజముగా విధములు నాలుగు: బొమ్మ బొమ్మ, బొమ్మ బొరుసు, బొరుసు బొమ్మ, బొరుసు బొరుసు. వానిలో మూడు అనుకూలములు; జవాబు నాలుగింట మూడు వంతులు. మొదటనే బొమ్మ పడుట యను దానిలో రెండు విధములు ఇమిడియున్నవి. దానిని ఒకటిగా లెక్కించుటయే పొరపాటు. అంతటివాడే తప్పినప్పుడు మన మొకమారు తప్పుట సిగ్గుచేటు కాదు.

సంభావ్యత పటాన్‌చెరులో నిత్యము పనిచేయుచున్నది. మెట్టప్రాంతముల పంటలను పరిశోధించు అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972లో అచ్చట నెలకొల్పబడినది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగలు దాని ప్రధాన పంటలు. రెండు విత్తనములలో ఏది మేలైనదో తెలియుటకు మడులు కట్టి విత్తుదురు. ఒక విత్తనమును మంచి నేలగల మడులలోనే వేసినచో పరీక్ష వ్యర్థమగును. అందుచేత ఏ మడిలో ఏ విత్తనమో చీటీలు వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించుట వ్యవసాయ పరిశోధనల పద్ధతి. ఈ పద్ధతిని బలముగా ప్రచారము చేసినవాడు ఇంగ్లండులోని ఆర్. ఎ. ఫిషర్. ఆయనవద్ద కేంబ్రిడ్జిలో పరిశోధించి 1948లో డాక్టరేటు పొందినవాడు తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు. రావుగారు 1920లో హూవిన హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలో సంఖ్యాశాస్త్రము నభ్యసించి, ఆ శాస్త్రమున ప్రపంచప్రఖ్యాతులై, 2023లో నూట రెండేండ్లు దాటిన పిదప దివంగతులైరి.

చీటీల మాట వచ్చినది గనుక మీ తరగతిలో తరచుగా వచ్చు తగవు నొకదానిని తీర్చుదము. ఇక్రిశాట్ చేలను చూచుటకు పోవు బండిలో ఒక్క స్థలమే మిగిలినది, పోగోరువారు ఐదుగురు. ఐదు చీటీలు మడచి డబ్బాలో వేసినారు; ఒకదానిమీద మాత్రమే ‘పోవచ్చును’ అని యున్నది. ‘నేను ముందు తీసెదను’ అని అందరును తోసికొనుచున్నారు. చివర తీయువానికి అన్యాయము జరుగునా?

మొదటివానికి ఐదింట ఒక వంతు, అనగా 1/5. ఇందు వివాదము లేదు. రెండవవానికి అవకాశము రావలెనన్నచో మొదటివానికి ఉత్తచీటి రావలెను, దానికి 4/5. అట్లు వచ్చినచో మిగిలిన నాలుగు చీటీలలో ఒకటి మంచిది, 1/4. రెంటిని హెచ్చింపగా 4/5 × 1/4 = 1/5. మూడవవానికి ముందు ఇద్దరికిని ఉత్తచీటీలు రావలెను: 4/5 × 3/4 × 1/3. పై నాలుగు క్రింది నాలుగుతోను, పై మూడు క్రింది మూడుతోను పోగా మిగిలినది 1/5. నాలుగవవాని లెక్కను మీరు వ్రాయుడు. ఐదవవాని విషయము చిత్రమైనది. అతనికి ఏరుకొనుట కేమియు లేదు. డబ్బా అడుగున మిగిలిన చీటి యొక్కటే. ముందు నలుగురికిని ఉత్తచీటీలు వచ్చుటకు 4/5 × 3/4 × 2/3 × 1/2. సంఖ్యలు ఒకదానినొకటి కొట్టివేసికొనగా మిగిలినది చూడుడు. అదియు 1/5 యే.